గీత తిన్నగా ఉందా? కోఠిలో కొన్న 10 కిలోల లోడ్ సెల్ కిట్ రివ్యూ

కోఠి గుజరాతీ గల్లీలో చాలా షాపుల్లో దొరికే కిట్ ఇది. వేలి లావున ఉండే 10 కిలోల వరకు తూచే అల్యూమినియం లోడ్ సెల్ (బరువుకు తగ్గ విద్యుత్ సిగ్నల్ ఇచ్చే సెన్సర్), ఆ సిగ్నల్‌ని అంకెగా మార్చే హెచ్‌ఎక్స్711 మాడ్యూల్, రెండు అక్రిలిక్ పలకలు, నాలుగు బోల్టులు ఉంటాయి. నేను 450 రూపాయలకు తీసుకున్నాను. పాలిటెక్నిక్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ చెప్తాను, రెండో సంవత్సరం పిల్లల ల్యాబ్ కోసం కొన్నాను. తీర్పు ముందే చెప్పేస్తాను. సెల్ చాలా మంచిది, మాడ్యూల్ సరిపోతుంది. పలకలు, బోల్టుల దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. నేర్చుకునేవాళ్లకు ఈ ధరలో ఇంతకన్నా మంచి వస్తువు నాకు కనిపించలేదు.

ఈ కిట్ గురించి ఎవరు మాట్లాడినా "ఎన్ని గ్రాముల వరకు చూపిస్తుంది?" అనే అడుగుతారు. తెర మీద పాయింట్ తర్వాత రెండంకెలు కనిపిస్తే చాలు, మంచి కిట్ అనేస్తారు. ఏ సెన్సర్ కొన్నా నేను ముందు చూసేది అది కాదు, లీనియారిటీ. బరువు రెట్టింపైతే అంకె కూడా రెట్టింపవుతుందా? రెండు బరువులు విడివిడిగా పెట్టినప్పుడు వచ్చిన అంకెలను కూడితే, రెండూ కలిపి పెట్టినప్పటి అంకె వస్తుందా? ఈ రెండూ నిజమైతే ఆ సెన్సర్ లీనియర్. గ్రాఫు గీస్తే తిన్నటి గీత వస్తుందనేది దాని ఫలితం మాత్రమే. అసలు విషయం ఆ రెండు ప్రశ్నల్లోనే ఉంది.

గ్రాఫు ఒక్కటే చూస్తే మోసపోయే చోటు కూడా ఉంది. ఈ సెల్‌ని బల్లకు బిగించి పైన పలక పెట్టగానే, బరువేమీ లేకుండానే ఎంతో కొంత అంకె వస్తుంది. ఆ అంకెతో కలిపి గ్రాఫు గీసినా గీత తిన్నగానే ఉంటుంది, కానీ సున్నా నుంచి బయలుదేరదు. అప్పుడు 1 కిలోకి వచ్చిన అంకెను రెట్టింపు చేస్తే 2 కిలోల అంకె రాదు. వై ఈజ్ ఈక్వల్ టు ఎంఎక్స్ ప్లస్ సి అని మనం బడిలో రాసుకున్న సమీకరణంలో ఆ సి ఉన్నంతసేపూ కఠినమైన అర్థంలో అది లీనియర్ కాదు. తూకం మిషన్ మీద ఉండే టేర్ బటన్ చేసే పని ఆ సిని తీసేయడమే. కిట్‌తో వాడే ప్రోగ్రాంలో కూడా టేర్ అనే ఆదేశం ఉంటుంది. పిల్లలు దాన్ని అలవాటుగా రాసేస్తారు. అదెందుకో ఒక్కసారి అర్థమైతే సగం పాఠం అయిపోయినట్టే.

ఈ కిట్ కొనేవాళ్లు తెలుసుకోవాల్సిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. లీనియారిటీని పరీక్షించడానికి కచ్చితమైన తూకపు రాళ్లు అక్కర్లేదు. కూడిక సరిపోతోందో లేదో చూడ్డానికి ఆ వస్తువుల బరువెంతో తెలియాల్సిన పని లేదు కదా. అందుకే షాపులోనే, కౌంటర్ మీదే పరీక్ష చేయొచ్చు. నా బ్యాగులో ఎప్పుడూ ఒక ఆర్డ్వినో నానో (ప్రోగ్రాం రాసుకోగల చిన్న బోర్డు), చిన్న ల్యాప్‌టాప్, స్క్రూడ్రైవర్ ఉంటాయి. షాపాయన్ని "అన్నా, ఇక్కడే ఒకసారి చూసి తీసుకుంటాను" అని అడిగితే "చూస్కోండి మేడమ్, ఏం ఫరక్ పడదు" అని జాగా ఇచ్చాడు. ర్యాక్‌లో 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ బ్యాటరీలు కనిపిస్తే రెండు అడిగాను. సున్నా చేశాక మొదటి బ్యాటరీకి 4,38,200 అని వచ్చింది. అది తీసి రెండోది పెడితే 4,41,500. కూడితే 8,79,700. రెండూ కలిపి పెడితే చూపించింది 8,79,400. తేడా 300. ఈ సెల్‌లో బరువు గ్రాము పెరిగితే అంకె సుమారు 215 పెరుగుతుంది కాబట్టి, నాలుగు కిలోల మీద తేడా గ్రామున్నర లోపే. ఆ రెండు బ్యాటరీల అసలు బరువెంతో నాకు ఇప్పటికీ తెలియదు. సెల్ మంచిదని చెప్పడానికి తెలియాల్సిన పనీ లేదు.

గ్రాముకి 215 అని నేను ఊరికే అనలేదు. ఈ రకం సెల్‌కి నిండా బరువు పెట్టినప్పుడు, ఇచ్చిన ప్రతి వోల్టుకి సుమారు 1 మిల్లీవోల్టు బయటికొస్తుంది. హెచ్‌ఎక్స్711 దాన్ని 128 రెట్లు పెంచి 24 బిట్ల అంకెగా మారుస్తుంది. కొలతకు వాడే రిఫరెన్స్ వోల్టేజీ, సెల్‌కి ఇచ్చే వోల్టేజీ ఒకటే కాబట్టి సప్లై కాస్త అటూ ఇటూ అయినా అంకె మారదు. లెక్క వేస్తే 10 కిలోలకు దాదాపు 21,47,000 అనే అంకె వస్తుంది. సెల్‌కీ సెల్‌కీ ఇది పది పదిహేను శాతం మారొచ్చు. అయినా దిగులు పడక్కర్లేదు. గీత తిన్నగా ఉంటే దాని వాలు ఎంతైనా పర్వాలేదు, తెలిసిన బరువు ఒక్కటి పెట్టి ఆ వాలు కనుక్కుంటే మిగతా బరువులన్నీ దానంతటవే వచ్చేస్తాయి.

గీత తిన్నగా లేని సెన్సర్‌కి ఉదాహరణగా, అదే గల్లీలో అయిదు, పది రూపాయలకు దొరికే థర్మిస్టర్ (వేడిని బట్టి నిరోధం మారే సెన్సర్) చూడండి. 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లు ఉండే రకం మామూలుగా సున్నా డిగ్రీల దగ్గర 33 కిలో ఓమ్‌లకు అటూ ఇటూగా, 50 దగ్గర మూడున్నర పైచిలుకు ఉంటుంది. మొదటి 25 డిగ్రీలకు 23 కిలో ఓమ్‌లు పడిపోయింది, తర్వాతి 25 డిగ్రీలకు ఆరే. ఒక్క ఉష్ణోగ్రత దగ్గర సరిచూసి మిగతావి ఊహించలేం. స్టైన్‌హార్ట్, హార్ట్ అనే ఇద్దరు 1968లో ఇచ్చిన సమీకరణం వాడతారు. దానికి మూడు గుణకాలు కావాలి కాబట్టి మూడు ఉష్ణోగ్రతల దగ్గర కొలవాలి. ఉష్ణోగ్రత కొలిచే ఎల్ఎం35 చిప్ అయితే డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది, గది 30 డిగ్రీలుంటే మీటర్ మీద 300 మిల్లీవోల్టులు కనిపిస్తాయి. ఆ తిన్నటి గీత కోసమే దానికి ఎక్కువ ధర పెడతాం. థర్మిస్టర్ చెడ్డదని కాదు, చిన్న మార్పును గట్టిగా చూపించడంలో ఎల్ఎం35 కన్నా అదే మేలు. కానీ కాలిబ్రేషన్ (సరిచూసుకునే) శ్రమ కొన్నవాళ్ల నెత్తిన పడుతుంది.

ఇక కిట్‌లో లోపం సంగతి. ల్యాబ్‌లో 2 కిలోల రాయి, 5 కిలోల రాయి పెట్టి అదే కూడిక పరీక్ష చేశాం. రెండు కిలోలకు 4,29,800, అయిదు కిలోలకు 10,74,400. కలిపి 15,04,200 రావాలి. వచ్చింది 14,71,000. నూట యాభై గ్రాములకు పైగా మాయం. ఒక్కొక్క కిలో పెంచుకుంటూ పోతే ఆరు కిలోల వరకు గీత తిన్నగా వెళ్లి, అక్కణ్ణుంచి కిందికి వంగింది. ఇలా ఒక చోట మొదలై వంగితే సెల్‌ని అనుమానించకండి, ముందు బిగింపు చూడండి. పై పలకకూ సెల్‌కూ మధ్య ఉండాల్సిన స్పేసర్లు ఈ కిట్‌లో లేవు, పల్చటి వాషర్లు మాత్రమే ఇచ్చారు. బరువు పెరిగేకొద్దీ అక్రిలిక్ పలక వంగి సెల్ నడిమి భాగాన్ని తాకుతోంది. అప్పుడు బరువులో కొంత సెల్‌ని వంచకుండానే పక్కదారిన కిందికి దిగిపోతుంది. సెల్ తన మీద పడిన బరువే చెప్పగలదు, పక్కదారిన పోయింది దానికెలా తెలుస్తుంది!

రాణిగంజ్‌లో 5 మిల్లీమీటర్ల స్పేసర్లు, వాటికి తగిన పొడవు బోల్టులు తెప్పించాం. ఈ సెల్‌కి ఒక చివర ఎం4, ఇంకో చివర ఎం5 రంధ్రాలున్నాయి, అది చూసుకుని అడగాలి. బోల్టు మరీ పొడుగైతే సెల్‌లోంచి అవతలికి వచ్చి బల్లను తాకుతుంది, మళ్లీ అదే గొడవ. బిగించాక అవే రాళ్లు పెడితే 15,03,900 వచ్చింది. కూడికకి 300 తక్కువ, షాపులో బ్యాటరీలతో వచ్చిన తేడా అంతే. ఆ స్పేసర్లు కిట్‌లోనే వేసిస్తే అమ్మేవాళ్లకు పెద్దగా ఖర్చు పెరగదు. ఇవి లేకపోవడం వల్లే ఎంతోమంది పిల్లలు ప్రాజెక్టు చివరి వారంలో టెన్షన్ పడి, మంచి సెల్‌ని పాడైందనుకుని పక్కన పడేస్తున్నారు. దీనికే నాకు బాధ.

సెల్ ఇంత తిన్నగా పనిచేయడం వెనక కథ నాకు చాలా ఇష్టం. స్ప్రింగ్ ఎంత సాగుతుందన్నది లాగే బలానికి అనుపాతంలో ఉంటుందని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించాడు. అంతకు రెండేళ్ల ముందు ఆ మాటనే అక్షరాలు కలగాపులగం చేసి పజిల్‌లా అచ్చు వేయించి పెట్టుకున్నాడు, ఎవరూ తనకన్నా ముందు చెప్పేశామనకుండా. ఈ అల్యూమినియం కడ్డీ కూడా ఒక స్ప్రింగే, కాకపోతే కంటికి కనిపించనంత తక్కువ వంగుతుంది. దాని మీద తెల్లటి జిగురు కింద, సాగినా కుంచించుకున్నా నిరోధం మారే నాలుగు స్ట్రెయిన్ గేజ్‌లు అంటించి ఉంటాయి. నిండా 10 కిలోలు పెట్టినప్పుడు ఒక్కో గేజ్ పొడవు సుమారు వందకి 0.05 వంతు మారుతుంది, దానితో 1000 ఓమ్‌ల నిరోధం 1 ఓమ్ మారుతుంది. మార్పు అంత చిన్నది కాబట్టే గీత తిన్నగా ఉంటుంది. ఏ వంపు గీతైనా చిన్న ముక్క తీసుకుని చూస్తే తిన్నగానే కనిపిస్తుంది. లోలకం కూడా అంతే, కొద్దిగా ఊపితే దాని కాలం ఊపు మీద ఆధారపడదు. 30 డిగ్రీల దాకా ఊపితే దాదాపు 1.7 శాతం, 90 డిగ్రీలకు తీసుకెళ్తే 18 శాతం ఎక్కువ సమయం పడుతుంది. సైన్సులో లీనియర్ అని మనం చెప్పుకునే సూత్రాల్లో చాలా వాటికి "కొద్దిగా ఊపినంత వరకు" అనే షరతు ఉంటుంది. ఆ హద్దు ఎక్కడో చెప్పేదే తయారీదారు ఇచ్చే డేటాషీట్.

నాలుగు గేజ్‌లు ఎందుకన్నది కూడా పిల్లలకు తప్పకుండా చెప్పాలి. ఒక్క గేజ్‌ని వీట్‌స్టన్ బ్రిడ్జిలో (నాలుగు నిరోధాలను చతురస్రంలా కలిపే సర్క్యూట్, ఒక్కో నిరోధం ఒక్కో చేయి) పెడితే గేజ్ లీనియర్‌గా ఉన్నా బ్రిడ్జి అవుట్‌పుట్ కొద్దిగా వంగుతుంది, ఎందుకంటే నిరోధం మారినప్పుడు ఆ చేతిలో కరెంటు కూడా మారిపోతుంది. రెండు సాగేవి, రెండు కుంచించుకునేవి నాలుగు చేతుల్లోనూ పెడితే ఆ వంపు రద్దవుతుంది. వేడికి నాలుగూ ఒకేలా మారతాయి కాబట్టి ఆ ప్రభావం కూడా చాలావరకు కొట్టుకుపోతుంది. మే నెలలో మా ల్యాబ్‌లో ఈ మాటకున్న విలువ తెలుస్తుంది. పొద్దున సున్నా చేసి మధ్యాహ్నం చూస్తే కొంచెం జరిగే ఉంటుంది, కానీ వాలు మాత్రం మారలేదు. మళ్లీ సున్నా చేసుకుంటే సరిపోయింది.

మాడ్యూల్ విషయానికొస్తే, హెచ్‌ఎక్స్711 సెకనుకి 10 లేదా 80 సార్లు కొలుస్తుంది. నేను 10లోనే వాడాను. అప్పుడు కూడా చివరి అంకెలు ఆడుతూనే ఉంటాయి. సీలింగ్ ఫ్యాన్ గాలి పలక మీద పడితే అది కూడా కొలిచేస్తుంది! తీగల రంగులు అందరూ చెప్పినట్టే ఉన్నాయి, ఎరుపు, నలుపు సప్లైకి, ఆకుపచ్చ, తెలుపు సిగ్నల్‌కి. సోల్డరింగ్ పర్వాలేదు.

సన్నటి సిగ్నల్‌ని వంచకుండా పెంచడం చిన్న పని కాదు. ట్రాన్సిస్టర్ సహజంగా లీనియర్ కాదు. బేస్ వోల్టేజీ సుమారు 60 మిల్లీవోల్టులు పెరిగితే కరెంటు పదింతలవుతుంది. దానికన్నా ముందు తరం వాక్యూమ్ ట్యూబులు కూడా ఇలాగే వంకరగా ఉండేవి. దూరపు టెలిఫోన్ లైన్ల మీద ఒకే తీగలో ఎన్నో సంభాషణలు పంపేటప్పుడు దారి పొడుగునా ఆంప్లిఫయర్లు పెట్టాలి. ఆంప్లిఫయర్ లీనియర్ కాకపోతే రెండు ఫ్రీక్వెన్సీలు కలిసి, వాటి మొత్తం దగ్గరా తేడా దగ్గరా కొత్త ఫ్రీక్వెన్సీలు పుడతాయి, ఒకరి మాట ఇంకొకరి లైన్లోకి దూరుతుంది. మన రాళ్ల కూడిక పరీక్షే అక్కడ ఫెయిలైంది. బెల్ ల్యాబ్స్ ఇంజనీరు హెరాల్డ్ బ్లాక్‌కి 1927 ఆగస్టు 2న ఫెర్రీలో ఆఫీసుకెళ్తుండగా దారి దొరికింది. చేతిలో ఉన్న న్యూయార్క్ టైమ్స్ పేజీ మీదే గీసుకున్నాడు. బయటికొచ్చిన సిగ్నల్‌లో కొంత భాగం వెనక్కి తెచ్చి, లోపలికి వెళ్లేదాంట్లోంచి తీసేయడం. దాంతో గెయిన్ (సిగ్నల్ ఎన్ని రెట్లు పెరిగిందనేది) తగ్గుతుంది, కానీ మిగిలిన గెయిన్ ట్యూబు వంకరల మీద కాక రెసిస్టర్ల నిష్పత్తి మీద ఆధారపడుతుంది. ఆప్ ఆంప్ (ఆంప్లిఫయర్ చిప్) సర్క్యూట్లలో మనం రోజూ రాసే గెయిన్ సూత్రం ఇదే. ఒకప్పుడు మా ల్యాబ్‌లో లోడ్ సెల్‌కి ఆప్ ఆంప్‌లతోనే ఆంప్లిఫయర్ కట్టించేవాళ్లం. ఇప్పుడు మాడ్యూల్ వచ్చాక ఆ పాఠం పిల్లలకు కనిపించకుండా పోతోంది. అందుకే ఈ కిట్ వాడే ముందు ఒక పూట ఆ సర్క్యూట్ కూడా కట్టించమని తోటి లెక్చరర్లకు నా మనవి.

అన్నిచోట్లా తిన్నటి గీతే కావాలనీ కాదు. పైన చెప్పిన ఫ్రీక్వెన్సీల కలయికనే రేడియో మిక్సర్లలో కావాలని పుట్టిస్తారు. ఆంప్లిఫయర్ వాల్యూమ్‌కి లీనియర్ పాట్ (తిప్పేకొద్దీ నిరోధం సమానంగా మారే నాబ్) పెడితే మొదట్లోనే సౌండు గుప్పున లేచి, తర్వాత తిప్పినా మారినట్టుండదు. మన చెవి అలా వింటుంది కాబట్టి దానికి నిరోధం మొదట మెల్లగా, తర్వాత వేగంగా మారే లాగ్ పాట్ అడగాలి. తూకానికి మాత్రం రాజీ లేదు.

కొనేముందు ఒక లెక్క వేసుకోండి. ఇలాంటి సెల్స్‌కి డేటాషీట్‌లో మామూలుగా ఇచ్చే నాన్ లీనియారిటీ (తిన్నటి గీత నుంచి తప్పే హద్దు) 0.05 శాతం, అది ఫుల్ స్కేల్ (నిండా బరువు) మీద. 10 కిలోల సెల్‌లో అంటే 5 గ్రాములు. 8 కిలోలు తూచినప్పుడు 5 గ్రాములు లెక్కలోకి రాదు. కానీ ఇదే సెల్ మీద 50 గ్రాముల మసాలా తూస్తే కాగితం మీద రాసిన హద్దు పది శాతం తప్పు దాకా ఒప్పుకుంటుంది. నాకొచ్చిన సెల్ ఆ హద్దు కన్నా చాలా మెరుగ్గా ఉంది, మీకొచ్చేది ఎలా ఉంటుందో మీరే కూడిక పరీక్ష చేసి చూసుకోవాలి. తెర మీద 0.1 గ్రాము కనిపించడానికీ, అది నిజం కావడానికీ సంబంధం లేదు. 5 కిలోలు పెట్టి గంటసేపు వదిలేస్తే నా దాంట్లో 3 గ్రాములు పెరిగింది. బరువులు ఎక్కిస్తూ 5 కిలోల దగ్గర చూసిన అంకెకీ, దించుతూ అక్కడే చూసిన అంకెకీ గ్రాము తేడా వచ్చింది. ఇవి లీనియారిటీతో సరిపెట్టుకునే లోపాలు కావు, వేరుగా చూసుకోవాలి. 15 కిలోలు మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు. సాగే హద్దు దాటితే కడ్డీ మళ్లీ మొదటి ఆకారానికి రాదు.

లోడ్ సెల్ కొలిచేది ద్రవ్యరాశిని కాదు, బలాన్ని. హైదరాబాద్‌లో గురుత్వ త్వరణం 9.78 చుట్టూ ఉంటుంది, పుస్తకాల్లో ప్రామాణికంగా వాడే విలువ 9.80665. ఆ ప్రామాణిక విలువకు సరిచేసిన మిషన్‌ని ఇక్కడ అలాగే వాడితే 10 కిలోలకు 20 గ్రాములకు పైగా తక్కువ చూపిస్తుంది. గీత తిన్నగా ఉన్నందువల్ల ఇక్కడి గాలిలో, ఇక్కడి నేల మీద తెలిసిన రాయి ఒక్కటి పెట్టి సరిచేసుకుంటే పోతుంది. ఇంటర్నెట్‌లో ఎవరో ఇచ్చిన కాలిబ్రేషన్ అంకెను మాత్రం తెచ్చి మీ ప్రోగ్రాంలో పెట్టుకోకండి.

ఇంట్లో పచ్చళ్లు, పొడులు చేసి అమ్మేవాళ్లు కొందరు దీంతో తూకం మిషన్ కట్టివ్వమని మా పిల్లల్ని అడుగుతున్నారు. అది చేయకూడదు. లీగల్ మెట్రాలజీ చట్టం, 2009 ప్రకారం అమ్మకానికి వాడే తూకానికి ఆమోదం పొందిన మోడల్ ఉండాలి, దాని మీద శాఖ ముద్ర ఉండాలి. ఇంట్లో తెలుసుకోవడానికి, గ్యాస్ స్టవ్ పక్కన పిండి కొలుచుకోవడానికి, కాలేజీ ప్రాజెక్టుకి వాడుకోండి.

సెల్‌కి 5కి 5, మాడ్యూల్‌కి 4, పలకలు బోల్టులకు 2 ఇస్తున్నాను. స్పేసర్ల ఖర్చు కలుపుకున్నా ఈ ధరకు కొనదగ్గదే. గుజరాతీ గల్లీకి బండి మీద వెళ్లకండి, పెట్టుకోవడానికి చోటు దొరకదు. ఉస్మానియా మెడికల్ కాలేజ్ మెట్రో స్టేషన్‌లో దిగి నడిచి వెళ్లడం సుఖం. తక్కువ బరువులు తూచాలంటే 1 కిలో సెల్ అడగండి, ధర దాదాపు అంతే. కెమిస్ట్రీ ల్యాబ్ వాళ్లకు అదే చెప్పాను.